నడుము నొప్పికి మోతాదు: ఏ కదలిక, ఎంత, ఎప్పుడు పెంచాలి

"ఫిజియోథెరపీ చేయించుకున్నాను, తగ్గలేదు" అనేవాళ్ళని ఏం చేశారని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: "పది రోజులు కరెంటు పెట్టారు." బోర్లా పడుకోబెట్టి నడుముకు ప్యాడ్లు అంటించి పావుగంట సన్నటి కరెంటు పంపే ఐఎఫ్‌టీ, జెల్ రాసి ధ్వని తరంగాలు పంపే అల్ట్రాసౌండ్, కొన్నిచోట్ల బెల్టు బిగించి నడుముని లాగే ట్రాక్షన్. ఇంటికి వెళ్ళేటప్పుడు వ్యాయామాల బొమ్మలున్న జిరాక్స్ కాగితం ఒకటి. ఎన్నిసార్లు చెయ్యాలో, ఎప్పుడు పెంచాలో, చేస్తుంటే నొప్పి వస్తే ఆపాలో సాగించాలో ఆ కాగితంలో ఉండదు.

మూడు నెలలు దాటిన నడుము నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, టెన్స్ (చర్మం మీంచి నరాలకి కరెంటు పెట్టడం), నడుము బెల్టు మామూలు చికిత్సగా వాడొద్దని అందులో ఉంది. వాడమన్నవాటిలో ముఖ్యమైనవి, రోగికి తన నొప్పి గురించి వివరంగా చెప్పడం, ఒక పద్ధతి ప్రకారం వ్యాయామం చేయించడం. మిషన్ కింద పడుకున్న పావుగంట హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ పావుగంటలో నడుము నేర్చుకునేది ఏమీ లేదు. మందుకు ఉన్నట్టే కదలికకూ మోతాదు ఉంటుంది. తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే తిరగబెడుతుంది. ఆ మోతాదు ఎలా కట్టుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దానికంటే ముందు, ఇంట్లో ఏ వ్యాయామమూ మొదలుపెట్టకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినవాళ్ళ గురించి. మూత్రం బిగబట్టినట్టయి రాకపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ తొడల లోపలివైపు స్పర్శ తగ్గినా, రెండు కాళ్ళూ పట్టు తప్పుతున్నా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. వెన్నుపాము కొస నుంచి దిగే నరాల కట్ట నొక్కుకుపోతే ఇలా అవుతుంది. అప్పుడు గంటలు కూడా విలువైనవే. నడుస్తుంటే ఒక కాలి చెప్పు తెలియకుండా జారిపోతోందంటే పాదాన్ని పైకెత్తే కండరం బలహీనపడిందేమో చూడాలి. మడమల మీద నాలుగడుగులు వేయండి. ఒక పాదం ముందుభాగం పైకి లేవకపోతే ఆ వారంలోనే డాక్టరుకి చూపించాలి.

సాయంత్రాలు సన్నటి జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా వదలని రాత్రి నొప్పి ఉంటే మన దేశంలో వెన్నుపూస టీబీని గుర్తుపెట్టుకోవాల్సిందే. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్ళు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్ళు, చిన్నగా జారిపడ్డాక నొప్పి మొదలైన పెద్దవయసువాళ్ళు కూడా ముందు పరీక్షలు చేయించుకోవాలి. నలభై ఏళ్ళలోపు మనిషికి పొద్దున లేవగానే అరగంటకు పైగా నడుము బిగుసుకుని ఉండి, తిరిగేకొద్దీ సడలి, విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ పెరుగుతుంటే అది ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్ను కీళ్ళవాతం కావచ్చు. రుమటాలజిస్టుకు, అంటే కీళ్ళవాతం డాక్టరుకి చూపించాలి. నడుముతో పాటు ఒళ్ళంతా నొప్పులుంటే థైరాయిడ్, షుగరు, విటమిన్ డి పరీక్షల గురించి డాక్టరుని అడగండి.

ఇవేవీ లేనివాళ్ళే ఎక్కువ. వాళ్ళని భయపెట్టేది ఎంఆర్ఐ రిపోర్టు. 'ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్', 'డిస్క్ డెసికేషన్' అని చదవగానే ఇక జీవితాంతం వంగకూడదనుకుంటారు. డిస్క్ అంటే రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్త. అది కాస్త ఉబ్బి బయటికొస్తే బల్జ్, అందులో నీరు తగ్గితే డెసికేషన్. నడుము నొప్పే లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. ఇరవై ఏళ్ళవాళ్ళలో 37 శాతం మందికి, యాభై ఏళ్ళవాళ్ళలో 80 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. బల్జ్ అయితే ఇరవై ఏళ్ళకి 30 శాతం, యాభైకి 60 శాతం. అంటే చాలామంది విషయంలో ఆ మాటలు తల నెరవడం లాంటి వయసు గుర్తులు. అందుకే స్కాన్‌ని ఒంటరిగా చదవకూడదు, మనిషిని పరీక్షించి దానితో కలిపి చదవాలి. ఇంకో సంగతి: డిస్క్ నుంచి పూర్తిగా తెగి బయటికొచ్చిన ముక్కలు చిన్న బల్జుల కంటే ఎక్కువగా వాటంతటవే కరిగిపోతాయి. మన రోగనిరోధక వ్యవస్థే వాటిని శుభ్రం చేస్తుంది. రిపోర్టు భయంకరంగా ఉన్నంత మాత్రాన ఆపరేషన్ తప్పదని కాదు.

సిజేరియన్‌లో వెన్నుకి ఇచ్చిన ఇంజెక్షన్ వల్లే ఏళ్ళ తరబడి నడుము నొప్పి ఉందని ఎంతోమంది ఆడవాళ్ళు నమ్ముతారు. సూది గుచ్చినచోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు. ఏళ్ళ తరబడి నొప్పికి కారణం మాత్రం ఎక్కువగా కాన్పు తర్వాత బలం పుంజుకోని పొట్ట కండరాలు, రోజంతా బిడ్డనెత్తుకోవడం, నిద్రలేమి. ఈ మూడూ బాగుచేసుకోగలిగినవే. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కించుకుంటే పట్టు వదులుతుందన్న నమ్మకం కూడా ఉంది. అకస్మాత్తుగా పట్టేసిన నడుము చాలామందికి కొద్దిరోజుల్లో దానంతటదే సడలుతుంది, ఆ పేరు తొక్కినవాళ్ళకి వస్తుంది. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళ విషయంలో మాత్రం ఇది ప్రమాదం, వెన్నుపూస విరగొచ్చు.

ముందుగా తేల్చుకోవాల్సింది దిశ

న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకంజీ దగ్గరికి 1956లో కాలు లాగుతున్న రోగి ఒకరు వచ్చారు. తలవైపు పైకెత్తి ఉన్న బల్ల మీద అనుకోకుండా బోర్లా పడుకుని, నడుము వెనక్కి వంగిన స్థితిలో కాసేపు ఉండిపోయారు. లేచేసరికి కాలి నొప్పి పోయింది. అప్పటిదాకా వెనక్కి వంగితే ప్రమాదమనుకునేవారు. మెకంజీ పద్ధతి అక్కడ మొదలైంది.

ఇంట్లో ఇలా చూసుకోవచ్చు. నిలబడి, నొప్పి ఇప్పుడు ఎక్కడివరకు ఉందో గుర్తుపెట్టుకోండి: నడుము, పిరుదు, తొడ, పిక్క, పాదం. పదిసార్లు ముందుకు వంగి లేవండి, ఒక నిమిషం ఆగి చూడండి. తర్వాత నడుము మీద చేతులు పెట్టుకుని పదిసార్లు వెనక్కి వంగండి, మళ్ళీ చూడండి. పిక్కలో ఉన్న నొప్పి తొడకి, తొడలోది నడుముకి ఎక్కి వస్తే ఆ దిశ మీకు మంచిది. అప్పుడు నడుములో నొప్పి కొంచెం పెరిగినా కంగారుపడొద్దు. నడుము తేలికై పిక్క జివ్వుమంటే ఆ దిశ మంచిది కాదు, ఆపేయండి. చాలామంది సరిగ్గా దీన్నే తిరగేసి అర్థం చేసుకుంటారు. నడుము నొప్పి తగ్గింది కదా అని కాలి తిమ్మిరిని పెంచుకుంటూ పోతారు.

కూర్చుంటే, వంగితే పెరిగి, నడిస్తే తగ్గేవాళ్ళకి ఎక్కువగా వెనక్కి వంగడం పడుతుంది. వాళ్ళు ముందు రెండు మూడు నిమిషాలు ఊరికే బోర్లా పడుకోవాలి. తర్వాత మోచేతుల మీద లేచి మరో రెండు నిమిషాలు. ఆ తర్వాత అరచేతులు భుజాల పక్కన పెట్టి, చేతులతో నెట్టి ఛాతీని పైకి లేపాలి, తుంటి నేలకే ఉండాలి. పదిసార్లు ఒక విడత. రెండు మూడు గంటలకొకసారి, రోజుకి ఆరు విడతల దాకా. పొద్దున ఒక్కసారి అరవై చేస్తే ఈ ఫలితం రాదు, ఎందుకంటే మధ్యలో మీరు కూర్చున్న గంటలు దాన్ని తుడిచేస్తాయి. ఇది చూడటానికి భుజంగాసనంలా ఉంటుంది కానీ పని వేరు. ఆసనంలో వీపు కండరాలు లేపుతాయి, ఇక్కడ లేపేది చేతులే, నడుము వదులుగా వేలాడాలి. పిరుదులు బిగించడం, ఊపిరి బిగబట్టడం ఇందులో జరిగే రెండు పొరపాట్లు. పైకి వెళ్ళాక నోటితో గాలి పూర్తిగా వదిలితే పొట్ట నేలవైపు జారుతుంది, అసలు ఫలితం అక్కడుంది.

అరవై ఏళ్ళు దాటి, కాస్త దూరం నడవగానే పిక్కలు బరువెక్కి, కూర్చున్నా ముందుకి వాలినా తేలికపడేవాళ్ళకి ఇది పనికిరాదు. నరాల దారి ఇరుకైనవాళ్ళు వాళ్ళు. వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్ళూ ఛాతీకి లాక్కుని ఐదు సెకన్లు ఆగడం, పదిసార్లు, రోజుకి మూడు విడతలు. నడక కంటే కదలకుండా ఉండే సైకిల్ వీళ్ళకి నయం. ఏ దిశా తేడా చూపించకపోతే ఈ దశ వదిలేసి నేరుగా బలం పెంచే వ్యాయామాలకి వెళ్ళొచ్చు.

బలానికి కెనడా పరిశోధకుడు స్టువర్ట్ మెక్‌గిల్ ఎంచిన మూడు వ్యాయామాలు సరిపోతాయి. వాటికి నేను తుంటి బలానికి రెండు కలుపుతాను.

మొదటిది, వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండు అరచేతులూ నడుము వంపు కింద పెట్టి, తల, భుజాలు నేల మీంచి కొద్దిగా మాత్రమే లేపడం. సిటప్ చేసినట్టు లేచి కూర్చోవద్దు. చేతుల మీద నడుము ఒత్తిడి మారకూడదు, అదే కొలత. రెండోది పక్కకి తిరిగి మోచేయి మీద, మోకాళ్ళ మీద బరువు పెట్టి తుంటిని లేపడం. మోచేయి సరిగ్గా భుజం కింద ఉండాలి, ముందుకి జరిగితే భుజం నొప్పి మొదలవుతుంది. భుజం ఇప్పటికే నొప్పిగా ఉన్నవాళ్ళు గోడకి మోచేయి ఆనించి నిలబడి చేయొచ్చు. మూడోది పాకే భంగిమలో ఎదురెదురు చెయ్యి, కాలు చాపడం. నడుము మీద సగం నీళ్ళున్న స్టీలు గ్లాసు పెట్టించుకోండి. నీళ్ళు ఒలికాయంటే తుంటి పక్కకి తిరిగినట్టు, కాలు అవసరానికి మించి పైకెత్తినట్టు.

ఈ మూడింటికీ లెక్క ఒకటే: ఒక్కోసారి ఎనిమిది నుంచి పది సెకన్లు పట్టి ఉంచడం, ఆరుసార్లు. అర నిమిషం ఆగి నాలుగుసార్లు, మళ్ళీ ఆగి రెండుసార్లు. పక్కలు మారేవాటికి రెండు వైపులా. నిమిషాల తరబడి బిగపట్టి ఉండటం కంటే ఇలా చిన్న ముక్కలుగా చేయడం ఎందుకు మేలంటే, అలసిన కండరం పట్టు వదిలేసి బరువుని కీళ్ళ మీదికి తోసేస్తుంది. సెకన్లు పైకి లెక్కపెట్టండి, ఊపిరి దానంతటదే ఆడుతుంది.

తుంటికి మొదటిది సేతుబంధం: వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిరుదులు లేపి మూడు సెకన్లు ఆపడం, పదేసి చొప్పున మూడు విడతలు. తొడ వెనక కండరం పట్టేస్తుంటే మడమలు దూరంగా ఉన్నట్టు. చేతులు చాపితే వేళ్ళ కొసలు మడమలకి తగిలేంత దగ్గరికి జరపండి. రెండోది ప్లాస్టిక్ కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి, మూడు సెకన్లు తీసుకుంటూ మెల్లగా కూర్చోవడం. ఎనిమిదేసి మూడు విడతలు. బలం పెంచే రోజులు వారానికి మూడు నాలుగు చాలు.

నొప్పి వస్తే ఆపాలా? సున్నా నుంచి పదిదాకా కొలత వేసుకోండి. చేస్తున్నప్పుడు మూడు నాలుగు దాకా పరవాలేదు. అసలు పరీక్ష మర్నాటి పొద్దున. ఇరవైనాలుగు గంటల్లో మామూలు స్థాయికి వచ్చేస్తే మోతాదు సరైనది. మర్నాడు కూడా పెరిగే ఉంటే వ్యాయామం తప్పని కాదు, మోతాదు ఎక్కువైంది. తర్వాతిసారి మూడోవంతు తగ్గించండి, మానేయొద్దు. రెండు వారాలు స్థిరంగా గడిస్తే కొంచెం పెంచండి. దీర్ఘకాలిక నొప్పిలో నరాల వ్యవస్థ అలారం గీతని కిందికి దించేసుకుని ఉంటుంది, గాయం లేకపోయినా మోగుతుంది. ఆ గీతని మళ్ళీ పైకి జరపగలిగేది నెమ్మదైన పెంపే.

ఎక్కువమంది ఓడిపోయేది బాగున్న రోజునే. ఆదివారం నొప్పి లేదని ఇల్లంతా కడుగుతారు, సోమ, మంగళవారాలు మంచం మీద ఉంటారు, గురువారానికి కోలుకుని మళ్ళీ అదే పని. నడకతో దీనికి విరుగుడు వేయొచ్చు. మూడు రోజులు నొప్పి పెరిగేదాకా ఎన్ని నిమిషాలు నడవగలిగారో రాసుకుని, సగటు తీసి, అందులో ఐదో వంతు తగ్గించండి. పదిహేను నిమిషాలొస్తే పన్నెండుతో మొదలు. బాగున్న రోజు కూడా పన్నెండే, బాగోని రోజు కూడా పన్నెండే. వారానికి ఒకటి రెండు నిమిషాలు కలుపుకుంటూ వారంలో ఐదు రోజులు, రోజుకి అరగంట దాకా వెళ్ళాలి. 2024లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో 701 మంది పాల్గొన్నారు. నడుము నొప్పి నుంచి కోలుకున్నవాళ్ళు ఫిజియోథెరపిస్టు సలహాతో ఇలా క్రమంగా నడక పెంచుకుంటే మళ్ళీ నొప్పి రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, ఆ సలహా అందనివాళ్ళకి 112.

పొద్దున్న వేళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మన ఇళ్ళలో ఇది పెద్ద విషయం. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచిన మొదటి గంటలో ముందుకు వంగితే వాటి మీద పడే ఒత్తిడి మిగతా రోజుకంటే చాలా ఎక్కువ. సరిగ్గా ఆ వేళలోనే మన ఆడవాళ్ళు పొట్టి చీపురుతో వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, నడుము వంచి ముగ్గేస్తారు. లేచాక అరగంట, వీలైతే గంట, నిలబడి చేసే పనులు ముందు పెట్టుకోండి: పాలు కాచడం, టిఫిను పని. వాకిలి తర్వాత. ముగ్గు వంగి కాకుండా గొంతుక్కూర్చుని, లేదా చిన్న పీట మీద కూర్చుని వేయండి. పళ్ళు తోముకునేటప్పుడు ఒక చెయ్యి సింకు మీద ఆనించండి. పొద్దున మొదటి గంటలో వంగడం మానడమే నడుము నొప్పిని తగ్గిస్తుందని 1998లోనే ఒక ప్రయోగంలో తేలింది. డబ్బు ఖర్చు లేని చికిత్స ఇది. ఇంట్లో మిగతావాళ్ళు ఆ చీపురు అందుకుంటే ఇంకా తేలిక.

నాట్లు వేసేవాళ్ళకి వంగకుండా చేయమని చెప్పడంలో అర్థం లేదు. ఇరవై నిమిషాలకొకసారి లేచి నడుము మీద చేతులు పెట్టి ఐదుసార్లు వెనక్కి వంగితే చాలు. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకీ అదే లెక్క, వేల రూపాయల కుర్చీ కంటే ఇది ముఖ్యం. నేల మీద కూర్చుని తినే అలవాటు మానక్కర్లేదు, పిరుదుల కింద పీటో మడిచిన దుప్పటో వేసుకుంటే నడుము గుండ్రంగా వంగదు. పరుపు తీసేసి చెక్కబల్ల మీద పడుకోవాలన్నది కూడా పాతమాట. 2003లో 313 మందితో జరిగిన పరీక్షలో బాగా గట్టి పరుపు కంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపే మేలు చేసింది.

ఇక బరువులు. వీటికి భయపడి పూర్తిగా మానేస్తే నడుము ఇంకా బలహీనమవుతుంది. ముందు వంగడం నేర్చుకోవాలి. మాప్ కర్ర ఒకటి వీపు వెంట నిలువుగా పట్టుకోండి, తల వెనక, భుజాల మధ్య, పిరుదుల మధ్య ఎముక దగ్గర మూడుచోట్లా తగలాలి. మోకాళ్ళు కొంచెం మడిచి, పిరుదుల్ని వెనక్కి నెడుతూ వంగండి. మూడింట్లో ఏ ఒక్కటి వదిలినా వంగింది తుంటి కాదు, నడుము. ఇది పదిసార్లు తేలిగ్గా వచ్చాక బకెట్ తీసుకోండి. లీటరు నీళ్ళు కిలో బరువు, ఇంతకంటే కచ్చితమైన డంబెల్ అక్కర్లేదు. మూడు లీటర్లతో మొదలుపెట్టి, ఎనిమిదేసి మూడు విడతలు, వారానికో లీటరు పోస్తూ వెళ్ళండి. మూడు నెలలకి పదిహేను లీటర్ల దగ్గర ఉంటారు.

బరువుని ఒంటికి దగ్గరగా పట్టుకోవడం మోకాళ్ళు మడవడమంత ముఖ్యం. 1999లో ఒక వాలంటీరు నడుము డిస్క్‌లో సెన్సర్ పెట్టి కొలిచినప్పుడు, 20 కిలోల బరువు ఒంటికి ఆనించి పట్టుకుంటే ఒత్తిడి 1.1 మెగాపాస్కల్ (ఒత్తిడికి కొలమానం), 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 1.8. కొలిచింది ఒక్క మనిషిలోనే అయినా బరువు ఉన్న దూరానికీ నడుము మీద పడే భారానికీ ఉన్న సంబంధం మాత్రం అందరిదీ. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు. దాన్ని ఎత్తకుండా అంచు మీద వాల్చి దొర్లించండి. యూరియా బస్తా 45 కిలోలు, నడుము నొప్పి ఉన్న మనిషి ఒక్కడే ఎత్తాల్సింది కాదు, ఇద్దరు పట్టాలి.

ఇంత చేసినా నొప్పి మధ్యలో తిరగబెడుతుంది. ఏళ్ళ నొప్పి తగ్గేటప్పుడు గీత గీసినట్టు తగ్గదు. ఆ రోజుకి ముందే ఒక కాగితం రాసి పెట్టుకోండి. మొదటి రెండు రోజులు: గంటకొకసారి లేచి ఐదు నిమిషాల నడక, మీకు పడే దిశ వ్యాయామం మామూలుగానే, పావుగంట వేడి కాపడం, బలం పెంచేవి ఆపడం. పగలంతా మంచం ఎక్కొద్దు. మూడో రోజు నుంచి బలం వ్యాయామాలు సగం మోతాదుతో, వారం చివరికి పూర్తి మోతాదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు డాక్టరు చెప్పిన కొద్ది రోజులకే. మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ, బీపీ పెరగడం జరుగుతాయి. కొత్తగా కాలు బలం తగ్గినా, పైన చెప్పిన మూత్రం, స్పర్శ లక్షణాలు కనిపించినా ఈ కాగితం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళాలి.

ఫిజియోథెరపిస్టుని ఎంచుకునేటప్పుడు బీపీటీ లేదా ఎంపీటీ (ఫిజియోథెరపీలో డిగ్రీ, పీజీ) చదివారా అని అడగడానికి మొహమాటపడొద్దు. మొదటి రోజే మూడు ప్రశ్నలు వేయండి: నాకు ఏ దిశ పడుతుంది, ఇంట్లో ఏం ఎంత చెయ్యాలి, ఎప్పుడు ఎంత పెంచుతారు. వీటికి జవాబు చెప్పి, రెండు మూడు వ్యాయామాలు ఎదురుగా చేయించి చూసి, తప్పులు దిద్ది పంపినవాళ్ళ దగ్గర పదిరోజుల ప్యాకేజీ అవసరం ఉండకపోవచ్చు. మొదట్లో వారానికొకసారి, తర్వాత నెలకి రెండుసార్లు వెళ్ళి మోతాదు మార్పించుకుంటే చాలు.